రాళ్లను చదివిన బ్రూస్ ఫుట్

రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనగానే 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో దొరికిన రాతి గొడ్డలే గుర్తొస్తుంది. ఆయన అసలు ఉద్యోగం వేరు. 1834లో ఇంగ్లండులో పుట్టి, 1858లో భారత భూగర్భ సర్వేలో చేరి, మూడు దశాబ్దాలకు పైగా దక్షిణాది రాళ్లను పటాలకెక్కించారు.

ఖనిజం ఎక్కడ మెరిసిందని కాక, ఏ రాతిలో ఉందని ఆయన చూశారు. పాత గ్నీస్ రాళ్ల నడుమ మడతలు పడి ఇరుక్కున్న పట్టీలను వేరుచేసి ధార్వార్ అని పేరు పెట్టారు. బంగారం వాటిలోనే ఉందని 1880లలో రాశారు. జూజువాడికి తూర్పున ఉన్న కోలారు పట్టీ అలాంటిదే. దాని దక్షిణపు కొస మన కృష్ణగిరి జిల్లాలోకీ వస్తుంది. చిత్రదుర్గ దగ్గరి ఇంగళదాళు రాగి కూడా ధార్వార్ రాళ్లదే. పల్నాటి అగ్నిగుండాల రాగి, సీసం మాత్రం కడప రాళ్లవి. ఆ రాళ్లను పటానికెక్కించింది ఆయన సహోద్యోగి విలియం కింగ్.

ఇప్పుడు రాగి, సీసం, జింకు వెతికేవారు బోరు వేసి తీసిన రాతి కడ్డీల వివరాలను కంప్యూటర్లో పేర్చి, తవ్వకముందే నేల అడుగు ఆకారాన్ని గీస్తారు. అందుకు పునాది ఇలాంటి పటాలే. రోజూ గ్రానైట్ లారీలను చూసే మన పిల్లలకు ఇదీ ఒక చదువేనని చెప్పేవారు తక్కువ.

1891లో సర్వే ఉద్యోగం ముగిశాక కూడా ఫుట్ ఊరుకోలేదు. బరోడా, మైసూరు సంస్థానాల కోసం మళ్లీ రాళ్ల వెంట తిరిగారు. మన పక్కనున్న ఏర్కాడులో ఉన్నారు. 1912లో కన్నుమూశారు.