రష్యను భాషకు పీట వేయించిన జాలరి కుమారుడు

మన గ్రంథాలయమునకు దాతలు ఒసగిన పాత పుస్తకములలో, ఒకప్పుడు మాస్కో నగరమున తెలుగున అచ్చయి వచ్చినవి కొన్ని కలవు. గట్టి అట్ట, చక్కని బొమ్మలు, స్వల్పమైన వెల. టాల్‌స్టాయి, చెహోవు, గోర్కీ అను పేరులు మనలో పెక్కుమందికి పరిచితములైనది వాని మూలముననే. ఆ రచయితల భాషను నేడు అనేక దేశముల విశ్వవిద్యాలయములలో విద్యార్థులు శ్రద్ధతో అభ్యసించుచున్నారు. అయితే ఆ భాషకు తన సొంత దేశపు విద్యాపీఠముననే స్థానము లేని కాలమొకటి ఉండెనని వినినచో పాఠకులకు వింతగా తోచవచ్చును. పండితులు లాటినున వ్రాసిరి. ఆచార్యులలో అధికసంఖ్యాకులు జర్మనున మాటలాడిరి. చర్చిలో ప్రాచీనమైన స్లావు భాష వినవచ్చెడిది. రష్యను మాత్రము ఇంటిలోను, సంతలోను మిగిలిపోయెను. ఈ స్థితిని మార్చుటకు పూనుకొన్నవారిలో అగ్రగణ్యుడు ఒక పల్లెటూరి జాలరి కుమారుడు. అతని పేరు మిహాయిల్ వసీల్యెవిచ్ లోమొనోసోవు.

రష్యా దేశపు ఉత్తరపు కొసను, శ్వేతసముద్రమున కలియుటకు ముందు ద్వినా నది పాయలుగా చీలి దీవులను ఏర్పరచును. ఖొల్మొగొరీ పట్టణమునకు చేరువనున్న అట్టి దీవిలోని ఒక పల్లెలో 1711వ సంవత్సరము నవంబరు నెలలో లోమొనోసోవు జన్మించెను. తండ్రి వసీలీ కలిగిన గృహస్థే. సొంత ఓడపై సముద్రమునకు పోయి చేపలు పట్టెడివాడు, సరకులు చేరవేసెడివాడు. ఆ కాలమున రష్యా రైతులలో పెక్కుమంది జమీందారుల సొత్తుగా బ్రతికిరి. ఈ ఉత్తరదేశపు రైతులకు ఆ దాస్యము లేదు. వీరు ప్రభుత్వమునకు తలపన్ను చెల్లించి తమ పని తాము చేసికొనెడివారు. బాలుడు పదియేండ్ల ప్రాయమునుండియే తండ్రి వెంట ఓడపై ఉత్తరధ్రువ సముద్రము వరకు పోవుచు మంచుగడ్డలను, ఆకసమున ఆడు ధ్రువకాంతులను చూచెను.

తల్లి చర్చి సేవకుని కుమార్తె. ఆమె బాల్యముననే గతించెను. తరువాత వచ్చిన సవతితల్లులలో చివరి యామెకు ఈ పిల్లవాని చదువు కంటగింపాయెను. పని మాని పుస్తకముల ముందు కూరుచుండునని ఆమె భర్తకు చాడీలు చెప్పెడిది. అందుచే అతడు చలిలో, మరుగుచోట్ల దాగి చదువుకొనవలసివచ్చెను. చదివిన పుస్తకములు ఎన్ని? ముఖ్యముగా రెండు. స్మొత్రీత్స్కీ రచించిన వ్యాకరణమొకటి, 1703లో అచ్చయిన మగ్నీత్స్కీ గణితమొకటి. ఇవి పొరుగున నున్న దూదిన్ అను వారి యింట ఉండెను. ఎన్నోమారులు ప్రాధేయపడి వానిని సంపాదించి, కంఠస్థమగువరకు అతడు వల్లించెను. ఊరిలో ఒక్క యింట రెండు పుస్తకములున్నను ఎంత జరుగునో గ్రంథాలయ సభ్యులమైన మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ వ్యాకరణము రష్యను భాషది కాదని మాత్రము గమనింపవలెను. అది చర్చి గ్రంథముల స్లావు భాషకు చేసిన వ్యాకరణము. ఆ పల్లెవాసులు తల్లితో, ఎద్దుతో, ఓడతో మాటలాడు భాషకు వారి దేశమున అచ్చయిన వ్యాకరణమే లేదు. రష్యను భాషకు లోకమున మొదట అచ్చయిన వ్యాకరణము 1696లో ఇంగ్లాండునందలి ఆక్స్‌ఫర్డు పట్టణమున వెలువడెను. దానిని వ్రాసినది లుడోల్ఫ్ అను జర్మను. వ్రాసిన భాష లాటిను! గ్రాంథిక వ్యావహారిక వాదములను ఎరిగిన తెలుగువారికి ఈ చిక్కు సులభముగ బోధపడును.

1730 డిసెంబరులో లోమొనోసోవు ఇల్లు విడిచెను. పొరుగువాని యొద్ద మూడు రూబుళ్లు, ఒక అంగీ అప్పుగా తీసికొని, గడ్డకట్టిన చేపలతో మాస్కోకు పోవు మంచుబండ్ల వెంట నడచెను. వేయి కిలోమీటర్లకు మించిన దారి. సుమారు మూడు వారములు పట్టెను. అప్పటికి అతనికి పందొమ్మిదేండ్లు.

మాస్కోలోని స్లావు-గ్రీకు-లాటిను విద్యాలయమున రైతుల బిడ్డలను చేర్చుకొనరాదని నిబంధన ఉండెను. అతడు తాను ఖొల్మొగొరీకి చెందిన కులీనుని కుమారుడనని అబద్ధమాడి చేరెను. సత్యమును దాచి విద్యను సంపాదించుట తప్పా ఒప్పా అని తర్కించువారు కలరు. తలుపు మూసి యుంచిన వారిది మొదటి తప్పు అని ఈ రచయిత అభిప్రాయము. రోజునకు మూడు కొపెక్కులు భరణము. అందులో అర కొపెక్కు రొట్టెకు, అర కొపెక్కు క్వాస్ అనెడి పులిసిన పానీయమునకు పోగా, తక్కినది కాగితమునకు, చెప్పులకు, ఇతరావసరములకు. ఇరువదియేండ్లవాడు లాటిను అక్షరములు దిద్దవచ్చెనని చిన్నపిల్లలు వేలెత్తి చూపి నవ్వెడివారు. ఊరినుండి వచ్చినవారు, తండ్రి ఒక్క కొడుకు కొరకు కూడబెట్టిన ఆస్తిని, పిల్లనిచ్చుటకు సిద్ధముగనున్న ఇండ్లను జ్ఞాపకము చేసెడివారు. ఇట్లు ఐదేండ్లు గడచెను. నడుమ 1734లో ఒక దూరయాత్రకు పురోహితునిగ పోగోరి, ఈసారి తాను పురోహితుని కుమారుడనని చెప్పెను. విచారింతుమని అధికారులు అనగనే నిజము ఒప్పుకొనవలసివచ్చెను. కఠినశిక్ష పడవలసిన నేరమే; ఏ కారణముననో మన్నించి చదువు సాగనిచ్చిరి.

సెంట్ పీటర్సుబర్గున పీటరు చక్రవర్తి సంకల్పించిన శాస్త్ర అకాడమీకి అనుబంధముగ ఒక విశ్వవిద్యాలయము ఉండెను గాని, అందు విద్యార్థులు బహు తక్కువ. సమర్థులను పంపుడని అడుగగా మాస్కోనుండి పన్నిద్దరిని పంపిరి. 1736 ఆరంభమున చేరిన ఆ పన్నిద్దరిలో లోమొనోసోవు ఒకడు. అదే యేట గనుల విద్య, రసాయనము నేర్చుటకై మరి యిద్దరితో కూడ అతనిని జర్మనీకి పంపిరి. మార్బర్గు విశ్వవిద్యాలయమున క్రిస్టియన్ వోల్ఫ్ అను తత్త్వవేత్త అతనికి గురువు. ఈ వోల్ఫ్ లాటినుతోపాటు తన మాతృభాషయైన జర్మనులో గూడ శాస్త్రగ్రంథములు రచించినవాడు. శిష్యుని హృదయమున ఆ ఆదర్శము నాటుకొనెనని ఊహించుట తప్పుకాదు.

వింతయేమనగా, రష్యను భాషను అతడు నిజముగ అధ్యయనము చేసినది ఈ పరదేశముననే. ప్రయాణమునకు ముందు త్రెదియకోవ్‌స్కీ అను పండితుడు రష్యను ఛందస్సుపై 1735లో ప్రకటించిన గ్రంథమును కొని వెంట తీసికొనిపోయెను. దాని అంచులనిండ వ్యాఖ్యలు వ్రాసెను. 1739లో రష్యను సైన్యము ఖొతీను కోటను పట్టుకొన్న వార్త వినినంతనే ఒక స్తుతిగీతమును రచించి, రష్యను పద్యము ఏ నడకను నడువవలెనో వివరించు లేఖతో జతపరచి అకాడమీకి పంపెను. ఊనికగల అక్షరములు, లేని అక్షరములు క్రమముగ వచ్చుట ఆ భాషకు సహజమని అతని వాదము. తరువాతి రష్యను కవిత్వము ఈ బాటనే నడచెను. త్రెదియకోవ్‌స్కీ దారి చూపినవాడే గాని దానిని సగము దూరమే చూపెను. ఇరువురకును జీవితాంతము పడలేదు.

జర్మనీలో అతని ప్రవర్తన అంతయు ఆదర్శప్రాయమని చెప్పజాలము. త్రాగుడు, అప్పులు, కొట్లాటలు ఉండెను. ఫ్రైబర్గున గనుల విద్య నేర్పిన గురువుతో కలహించి వెడలిపోయెను. మార్బర్గున తాను బసచేసిన యింటి యువతి ఎలిజబెత్తును 1740లో పెండ్లాడెను. ప్రష్యా సైన్యమువారు అతనిని మోసముతో భటునిగ చేర్చుకొనగా తప్పించుకొని పారిపోయెను. 1741లో స్వదేశము చేరెను. అటనుండి అకాడమీలోని విదేశీయులతో తగవులు. 1743లో సుమారు ఎనిమిది నెలలు నిర్బంధమున నుండెను. కోపము అతని శత్రువులలో ఒకటి.

1745లో అతడు రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యెను. ఇచ్చట ఒక ముచ్చట చెప్పకుండ ఉండలేను. ఊరిలోని పన్నుపట్టీలో అతడు పారిపోయినవాడుగనే నమోదై యుండెను. అకాడమీ సభలలో ఆచార్యాసనమున కూరుచున్నవాని తలపన్నును, 1747 వరకు ఆ పల్లెవారు ఉమ్మడిగ చెల్లించుచుండిరి!

అలంకారశాస్త్రమును రష్యనులో రచించి సమర్పింపగా, లాటినున వ్రాసి తెమ్మని అకాడమీలో మొదట ఒకరు తిరస్కరించిరి. పట్టువిడువక దానిని పెంచి 1748లో రష్యనులోనే ప్రకటించెను. 1746లో పీటర్సుబర్గున భౌతికశాస్త్రముపై రష్యను భాషలో బహిరంగోపన్యాసము చేసెను. దానికై ఒక భౌతికశాస్త్ర గ్రంథమును తెనిగించినట్లు రష్యనించెను అనవలెనేమో! పదములు లేవు, కల్పింపవలెను. విశిష్ట గురుత్వము, భూమి యొక్క అక్షము వంటివానికి ఇంటిభాషనుండియే పదములు కూర్చెను. ఉష్ణమాపకము, సూక్ష్మదర్శిని వంటివానికి లోకమంతట వాడుకలోనున్న గ్రీకు పేరులనే ఉంచెను. వానిలో అనేకము నేటికిని రష్యను బడిపిల్లల నోట నిలిచియున్నవి. ఏది మార్చవలెనో, ఏది మార్చరాదో ఎరుగుటలోనే అతని నేర్పు కానవచ్చును. శుక్రగ్రహమునకు వాయుమండలము కలదని 1761లో గుర్తించుట, రంగుగాజు ముక్కలతో చిత్రములు కూర్చుట మొదలగు అతని ఇతర కృషిని చెప్ప మొదలిడినచో ఈ సంచిక చాలదు.

మాస్కోలో విశ్వవిద్యాలయము స్థాపింపవలెనని షువాలోవు అను రాజమాన్యుడు తలపెట్టగా, దాని స్వరూపమును సూచించినవాడు లోమొనోసోవే. కనీసము పన్నిద్దరు ఆచార్యులు కావలెనని అతడు కోరెను. పదిమందికే అనుమతి లభించెను. న్యాయము, వైద్యము, తత్త్వము అను మూడు శాఖలతో 1755 జనవరిలో ఎలిజబెత్తు మహారాణి శాసనమున ఆ సంస్థ వెలసెను. దాసులుగనున్న రైతులకు మాత్రము, యజమాని విడుదల చేసిననే తప్ప, అందు ప్రవేశము లేదు. లోమొనోసోవు అచ్చట ఏ పదవియు పొందక పీటర్సుబర్గుననే ఉండెను. అయినను అతని శిష్యుడు పొపోవ్‌స్కీ ఆ యేడే తత్త్వశాస్త్ర పాఠములను ప్రారంభించుచు, శాస్త్రమును రష్యనులో చెప్పవచ్చునని గట్టిగ వాదించెను. 1768 నాటికి అచ్చటి రష్యను ఆచార్యులు తమ భాషలో బోధింప మొదలిడిరి. ఆ విద్యాలయమునకు 1940లో లోమొనోసోవు పేరు పెట్టిరి.

విశ్వవిద్యాలయము వెలసిన 1755లోనే అతడు తన రష్యను వ్యాకరణమును పూర్తిచేసెను. అది 1757లో వెలువడెను. రష్యను భాషకు రష్యనులోనే రచింపబడిన సమగ్ర వ్యాకరణములలో అచ్చయినది ఇదియే మొదటిది. పిదప వ్రాసిన ఒక వ్యాసమున చర్చి భాషకును, వాడుక భాషకును ఆతడు సంధి కుదిర్చెను. మహాకావ్యములకు ఉన్నత శైలి, నాటకాదులకు మధ్యమ శైలి, హాస్యమునకు, స్నేహితుల లేఖలకు సామాన్య శైలి అని మూడు మెట్లు ఏర్పరచెను. తరువాతివారు ఈ కట్టుబాటును సడలించిరి. పుష్కిను కాలమునకు మెట్లన్నియు కలిసిపోయినవి. ఇల్లు కట్టినపిదప పరంజా విప్పుట సహజమే గదా.

1760లో అకాడమీ విశ్వవిద్యాలయమును, దాని క్రింది పాఠశాలయు అతని పాలనలోనికి వచ్చెను. తలపన్ను చెల్లించు రైతుల బిడ్డలకు ఆ తలుపులు తెరువవలెనని అతడు పదేపదే అధికారులతో పోరాడెను. తాను అబద్ధమాడి దాటిన గడపను వెనుక వచ్చువారు నిజము చెప్పియే దాటవలెనని అతని పట్టుదల కాబోలు. ఈ పోరులో అతనికి పూర్తి విజయము లభింపలేదు.

1765 ఆరంభమున ఊరినుండి అతని చెల్లెలు మరియ తన కుమారుని పంపెను. పేరు మిహాయిల్ గొలొవిన్. ఎనిమిది తొమ్మిదేండ్ల బాలుడు. అప్పటికే మామకు ఆరోగ్యము చెడియుండెను. అయినను బాలునికి దుస్తులు కుట్టించి, పాఠశాలలో ప్రభుత్వ భరణముపై చేర్పించి, పిల్లవాడు క్షేమముగ చేరెననియు, లాటిను, గణితము, చక్కని చేవ్రాత నేర్చుచున్నాడనియు మార్చినెలలో చెల్లెలికి లేఖ వ్రాసెను. తరువాత ఒక నెలకే, ఏప్రిల్‌లో, యాబది మూడేండ్ల ప్రాయమున లోమొనోసోవు మరణించెను. అలెగ్జాండరు నేవ్‌స్కీ మఠపు శ్మశానమున అతని సమాధి కలదు. మేనల్లుడు చదువు మానలేదు. కాలక్రమమున అకాడమీలో గణితవేత్తయై, 1789లో త్రికోణమితిపై ఒక పాఠ్యగ్రంథమును ప్రకటించెను. అది రష్యను భాషలోనే వ్రాసిన గ్రంథము.