కమలాదేవి చటోపాధ్యాయ

కమలాదేవి చటోపాధ్యాయ (1903 ఏప్రిల్ 3 - 1988 అక్టోబరు 29) స్వాతంత్ర్య సమరయోధురాలు, సంఘ సంస్కర్త. స్వాతంత్ర్యానంతరం భారతీయ హస్తకళల పునరుద్ధరణకు కృషి చేసింది. అంతరించే దశలో ఉన్న శ్రీకాళహస్తి కలంకారీ తిరిగి నిలదొక్కుకోవడానికి ఆమె ముఖ్య కారకురాలు.

బాల్యము, వివాహము

కమలాదేవి మంగళూరులో ఒక సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో జన్మించింది. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయింది. బాల్యవివాహం జరిగిన కొద్దికాలానికే వితంతువు అయింది. మద్రాసులో చదువుకుంటున్నపుడు సరోజినీ నాయుడు సోదరుడు, హైదరాబాదుకు చెందిన కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయతో పరిచయం ఏర్పడింది. సాంఘిక కట్టుబాట్లను కాదని ఆయనను పునర్వివాహం చేసుకుంది. తరువాతి కాలంలో వారు విడిపోయారు.

రాజకీయ జీవితము

1926లో మద్రాసు శాసనమండలికి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయింది. 1927లో ఏర్పడిన అఖిల భారత మహిళా సభ నిర్మాణంలో పాల్గొన్నది. 1930లో బొంబాయిలో ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్ళింది. దేశ విభజన తరువాత ఫరీదాబాదులో శరణార్థుల పునరావాసానికి సహకార పద్ధతిలో పనిచేసింది.

హస్తకళల సేవ

1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు ఆమె అధ్యక్షత వహించింది. గ్రామాలు తిరిగి పాత పనితనపు నమూనాలను, వాటిని చేయగలిగిన వృద్ధ కళాకారులను వెదకింది. బోర్డు ఆధ్వర్యంలో ఢిల్లీలో హస్తకళల మ్యూజియం రూపొందింది. పాత వస్తువులను భద్రపరచడంతో పని ముగియదని, వాటిని చేసే విద్య తరువాతి తరానికి అందాలని ఆమె భావించింది.

శ్రీకాళహస్తి కలంకారీ

గూడూరు నుండి తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి వెళ్ళే రైలు మార్గంలో శ్రీకాళహస్తి ఉన్నది. అప్పటి చిత్తూరు జిల్లాలోని ఈ పట్టణం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దకం వేస్తారు. ఇక్కడ మాత్రం వెదురు కలంతో రామాయణ, భారత గాథలను గుడ్డపై చేతితోనే చిత్రిస్తారు. ఇటువంటి వస్త్రాలను ఆలయాలలో తెరలుగా, రథాలకు అలంకారంగా వాడేవారు.

మిల్లు బట్టలు, రసాయన రంగులు వచ్చి, పోషకులు తగ్గిపోవడంతో ఈ కళ క్షీణించింది. 19వ శతాబ్దపు కాళహస్తి వస్త్రాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉండగా, 1950ల నాటికి సొంత ఊరిలో పని తెలిసినవారు బహు కొద్దిమంది మిగిలారు.

ఈ విద్య గుడ్డను చూసి నేర్చుకోదగినది కాదు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును చెదరనీయదు. ఇనుప ముక్కలు, బెల్లం నీటిలో ఊరబెట్టి తీసిన కసిమి కరక్కాయతో కలిసి నల్లని గీత అవుతుంది. ఎరుపు రావలసినచోట పటిక నీరు పూసి, చాయనిచ్చే వేళ్ళతో ఉడికిస్తారు. ప్రతి దశలోనూ పారే నీటిలో ఉతకాలి. ఈ పాళ్ళు వృద్ధుల అనుభవంలో మాత్రమే ఉండేవి.

కమలాదేవి చొరవతో 1950ల చివరలో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. సంప్రదాయ కళాకారుడు జొన్నలగడ్డ లక్ష్మయ్య అందులో బోధించాడు. అక్కడ శిక్షణ పొందినవారు మరికొందరికి నేర్పారు. క్రమంగా స్త్రీలు కూడా ఈ వృత్తిలోకి వచ్చారు. లక్ష్మయ్య కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. అంతకు ముందే, 2005-06లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పురస్కారాలు

* పద్మభూషణ్ - 1955
* రామన్ మెగసెసె పురస్కారం - 1966
* పద్మవిభూషణ్ - 1987

మరణము

కమలాదేవి 1988 అక్టోబరు 29న బొంబాయిలో మరణించింది.