ఒంటరి నక్షత్రము: లైమన్ జ్యూయెట్ జీవితము

హైదరాబాదునుండి కర్నూలు పోవు రహదారిపై కొత్తకోట ఉన్నది. ఆ ఊరు చేరిన పాలమూరు సీమలో అమెరికను బాప్టిస్టు మిషనువారు 1885లో తమ కేంద్రమును నెలకొల్పినారు. ఆ కొమ్మకు మొదలు నెల్లూరు. ఆ మొదటినే నరికివేయవలెనని మూడు పర్యాయములు ఆలోచన సాగినది. నరకనీయక అడ్డు నిలిచినవారిలో ముఖ్యులు లైమన్ జ్యూయెట్.

ఆయన నేడు అమెరికాలోని మేయిన్ రాష్ట్రములో చేరియున్న వాటర్‌ఫర్డు గ్రామమున 1813లో జన్మించినారు. ఆయనకన్న ముందు శామ్యూల్ డే 1836లో ఈ దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరి ఎంతో శ్రమించినారు. అయినను మతము పుచ్చుకొన్నవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. 1848లో పంపినవారికే విసుగు పుట్టి, పని మానివేయుదమా అని తర్కించుకొన్నారు. అట్టి సమయమున జ్యూయెట్ తాను పోయెదనని ముందుకు వచ్చి, 1849లో డేతో కలసి నెల్లూరు చేరినారు.

ఆయన తెలుగు నేర్చినారు, ఆ భాషలో బోధించినారు, ఊరూరు తిరిగినారు. ఫలితము మాత్రము కనరాలేదు. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో మూసివేత ప్రస్తావన మరల వచ్చినది. పటములో మిషను కేంద్రములకు నక్షత్రములు గుర్తులు. తెలుగుదేశమున ఉన్నది ఒకే నక్షత్రము. ఎవరో దానిని ఒంటరి నక్షత్రమన్నారు. ఆ మాటపై శామ్యూల్ స్మిత్ అను కవి రాత్రికి రాత్రే పద్యము వ్రాయగా, మరునాడు విన్నవారి మనస్సు కరగినది. మిషను నిలిచినది.

1854 జనవరి 1వ తేదీ ఉదయమున జ్యూయెట్, ఆయన భార్య యూఫీమియా, మరి ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండనెక్కి ప్రార్థించినారు. ఒంగోలునకు ఒక సేవకుని పంపుమని వారి వేడికోలు. ఆ కొండకు ప్రార్థన కొండ అని పేరు వచ్చినది. కాని కోరిన మనిషి వచ్చుటకు పన్నెండేండ్లు పట్టినది.

ఆరోగ్యము చెడి జ్యూయెట్ స్వదేశము చేరగా, 1862లో మూడవసారి అదే ప్రశ్న లేచినది. సంఘము సహాయము చేయకున్నను తాను ఒంటరిగానైన తిరిగిపోయి, తెలుగువారి నడుమనే బ్రతికి అక్కడనే మరణించెదనని ఆయన తెలిపినారు. ఆ పట్టుదలకు సంఘము లొంగినది. 1865లో ఆయన వెంట జాన్ క్లౌ అను యువకుడు వచ్చి, మరుసటి ఏడు ఒంగోలులో కాపురము పెట్టినాడు.

1866లో బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్య తన మాదిగ కులమువారిలో బోధించినాడు. 1867లో ఎనమండుగురితో ఒంగోలు సంఘము ఏర్పడినది. అంటరానితనమున నలిగినవారికి అది మనుష్యులుగా మన్నన పొందు త్రోవగా తోచినది. 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున ఒక భాగమును కంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించినాడు. కూటికొరకు మతము మార్చుకొన్నారను మాట రాకుండ, ఆ సహాయము సాగినంతకాలము బాప్తిస్మములు ఆపినాడు. అది ముగిసిన పిమ్మట 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందినారు.

జ్యూయెట్ తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకొని, చెన్నపట్నములోను సేవచేసి, 1897లో అమెరికాలో కన్నుమూసినారు.

నిరాశపడినవారు అజ్ఞానులు కారు. వారి లెక్క సరియైనదే. దానినుండి తీసిన నిర్ణయమే తప్పు. ఇంతవరకు ఫలింపలేదనుటకును, ఇక ఫలింపదనుటకును నడుమ ఎంతో దూరము కలదు. నిరాశ ఆ దూరమును చెరిపివేయును. జ్యూయెట్ విశ్వాసము ఆ దూరమును నడచుటకు ఆయనకు బలమిచ్చినది. ఆ విశ్వాసము ఆయనను చేతులు ముడుచుకొని కూర్చుండనీయలేదు. భాష నేర్పినది, ఊళ్లు తిప్పినది, వెంట నడువ మరియొకనిని తెప్పించినది. ఒకసారి పరీక్ష తప్పిన విద్యార్థియు, వెనుకబడిన పిల్లవానిపై ఆశ వదలుకొన్న ఉపాధ్యాయుడును తలపోయవలసిన జీవితమిది.