ఇటుకతో మొదలైన చదువు

వేసవి సెలవుల్లో మా ఊరి రాత్రిబడిలో పెద్దవాళ్లకి చదువు చెబుదామని మొదటి పాఠం రాసుకున్నాను: అ అంటే అమ్మ. వేలిముద్ర తప్ప సంతకం ఎరగని మా నాన్న అది విని నవ్వేసి పొలానికి వెళ్లిపోయాడు. ఎందుకు నవ్వాడో పాలో ఫ్రెయిరే జీవితం చదివాక తెలిసింది.

ఆయన 1921లో బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో జన్మించారు. ఆకలితో ఉన్నవాడికి పాఠం ఎక్కదని చిన్నతనంలోనే అనుభవించారు. అక్షరం రానివారికి ఆ రోజుల్లో అక్కడ ఓటు లేదు. 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో 300 మంది కూలీలకు 40 గంటల్లో చదువు నేర్పడానికి పూనుకున్నారు. పాఠం రాయకముందే వాళ్ల మాటలు విని, అందులోంచే పదాలు ఏరేవారు. 'తిజోలో' అంటే ఇటుక. ముందు బొమ్మ చూపి, ఇటుకపని గురించి మాట్లాడించి, ఆ తర్వాతే పదాన్ని విడగొట్టేవారు: త, తె, తి, తొ, తు. అచ్చం మన గుణింతమే! ఆ ముక్కలతో కొత్త మాటలు వాళ్లే కట్టుకునేవారు.

1964లో సైన్యం గద్దెనెక్కి ఆయన్ని జైల్లో పెట్టింది. ఏళ్ల తరబడి పరదేశాల్లో గడిపి, 1980లో స్వదేశం చేరి, 1997లో కన్నుమూశారు.

ముందు ఏ మాట రాయడం నేర్చుకుంటావని నాన్నని అడిగాను. తడుముకోకుండా అప్పు అన్నాడు. నా పాఠంలో మొదటి అక్షరం అదే ఉంది. మాట మాత్రం మారింది.

– ద్వితీయ సంవత్సరం బి.యస్సి.