లుడ్విగ్ గుట్‌మన్ జీవితము

తెలుగునాట కోడి రామమూర్తి నాయుడుగారి పేరు వినని బాలుడుండడు. విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగ నుండి, పిమ్మట ఇనుప గొలుసులను త్రెంచియు, రొమ్ముపై ఏనుగు నెక్కించుకొనియు దేశదేశముల ఖ్యాతి గాంచిన ఆ మల్లుడు, కడపటి దినములలో వ్యాధివలన ఒక కాలిని పోగొట్టుకొని 1942లో కీర్తిశేషుడయ్యెను. అంతటి బలశాలికైనను, కాలు పోయిన పిమ్మట క్రీడారంగమున చోటుండునను తలంపు ఆనాటి లోకమున మిక్కిలి అరుదు. ఆ తలంపును లోకమునకు నేర్పిన వైద్యుడొకడు రెండేండ్లకే ఇంగ్లండు దేశమున తన పనికి పూనుకొనెను. ఆయన చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుట మాకు సంతోషము.

లుడ్విగ్ గుట్‌మన్ 1899 జూలై 3వ తేదీని, నాటి జర్మనీలోని టోస్ట్ అను చిన్న పట్టణమున, యూదు కుటుంబమున జన్మించెను. ఆ పట్టణమిప్పుడు పోలండు దేశములోనిది. 1917లో ఆయన గనిపనివారి ఆసుపత్రిలో సహాయకుడుగ నుండగా, వెన్నెముక విరిగిన బొగ్గుగని కూలి నొకనిని అచ్చటికి తెచ్చిరి. వాడు యువకుడు, దృఢకాయుడు. అయినను వైద్యులు వానిని తెరమరుగున నుంచి, కొలది వారములలో మరణించువానిని గూర్చి వ్రాతపని సయితము వృథాయని గుట్‌మన్‌కు చెప్పిరి. ఐదు వారములకు, పుండ్లు కుళ్లి, రక్తము విషమై, వాడు చనిపోయెను. ఆ కూలి రూపము గుట్‌మన్ మనస్సునుండి ఎన్నడును తొలగలేదు.

1924లో వైద్యపట్టమును పొంది, బ్రెస్లా నగరమున ఫోయెర్‌స్టర్ అను ప్రసిద్ధ నరముల వైద్యుని యొద్ద పనిచేసి, ఆయన గొప్ప శస్త్రవైద్యుడయ్యెను. కాని 1933లో హిట్లరు అధికారమునకు వచ్చినంతనే, యూదుడగుట చేత ఉద్యోగమును కోల్పోయి, యూదుల ఆసుపత్రిలో చేరెను. 1938 నవంబరు 9వ తేదీ రాత్రి జర్మనీ అంతట యూదుల ఇండ్లపైని, దేవాలయములపైని దాడులు జరిగినప్పుడు, ఆసుపత్రికి వచ్చిన ప్రతివానిని ఏమియు అడుగక చేర్చుకొనుడని ఆజ్ఞాపించెను. మరునాడు అధికారులు వచ్చి విచారింపగా, మంచము మంచమునకు వారిని త్రిప్పి, ఒక్కొక్కనికి ఒక్కొక్క రోగమును చెప్పి, అరువదినలుగురిలో అరువదిమందిని చెరసాల పాలు కాకుండ కాపాడెను. 1939 మార్చిలో భార్యాబిడ్డలతో ఇంగ్లండుకు వలసపోయి ఆక్స్‌ఫర్డున నివసించెను.

యుద్ధమున వెన్నెముక గాయపడిన సైనికులకొరకు 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ అను చోట ఒక వైద్యశాలను తెరచి, దాని నాయనకు అప్పగించిరి. వెన్నెముకలోని వెన్నుపాము తెగినచో, ఆ క్రిందిభాగమునకు కదలికయు స్పర్శయు నుండవు. ఒకే ప్రక్క పరుండుటచే చర్మము నలిగి పుండ్లు పడును, మూత్రాశయము చెడును. ఈ రెండే ఆనాడు రోగులను చంపుచుండెను. గుట్‌మన్ రేయింబవళ్లు రెండు గంటల కొకమారు ప్రతి రోగిని ప్రక్కకు త్రిప్పవలెనని కట్టడి చేసెను. అది జరుగుచున్నదో లేదో నడిరేయి సయితము తానే వచ్చి చూచుచుండెను. పుండ్లు మానినవి, మరణములు తగ్గినవి.

అయితే బ్రదికినవాడు ఏమి చేయవలెను? తక్కిన జీవితమంతయు గోడవైపు చూచుచు గడుపవలెనా? ఇందులకు గుట్‌మన్ కనుగొన్న మందు ఆట. మొదట చక్రాల కుర్చీలలో కూర్చుండి కఱ్ఱలతో కొట్టు పోలో ఆటను ఆడిరి. అది మోటుగ నున్నందున మాని, బంతిని బుట్టలో వేయు ఆటను పట్టిరి. విలువిద్య ఆయనకు మిక్కిలి ప్రియము. విల్లు వంచుటవలన భుజములును, చేతులును, వీపును బలపడి, మనుష్యుడు కూర్చుండుటలో తూలడు. అంతకంటె ముఖ్యమేమన, కాళ్లున్నవానితో కాళ్లులేనివాడు సమానముగ పోటీపడగల ఆట అది. ఆటలో గెలుపోటముల రుచి చూచినవాడు పనిలో చేరుటకును, పన్ను కట్టు పౌరుడుగ మెలగుటకును వెనుదీయడని ఆయన విశ్వాసము.

1948 జూలై 29వ తేదీని లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన నాడే, తన వైద్యశాల పచ్చికబయలున పదునాలుగురు పురుషులకును, ఇద్దరు స్త్రీలకును ఆయన విలువిద్యలో పోటీ పెట్టించెను. 1952లో హాలెండు వారు వచ్చి చేరిరి. 1960లో రోము నగరమున 23 దేశములనుండి నాలుగువందల మంది క్రీడాకారులు కూడిరి. పారాలింపిక్ క్రీడలలో అదియే మొదటిదని నేడు లెక్కించుచున్నారు. గుట్‌మన్ 1966లో సర్ బిరుదమును పొంది, 1980 మార్చి 18వ తేదీని మరణించెను.

ఆయన నాటిన మొక్క మన దేశమునను ఫలించెను. 1965 యుద్ధమున గుండు దెబ్బలు తగిలిన మురళీకాంత్ పేట్కర్ అను సైనికుడు 1972లో హైడెల్‌బర్గున ఈతలో బంగారు పతకము గెలిచెను. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవంజి దీప్తి బుద్ధివికాసమున వెనుకబడినదని ఊరివారి ఎగతాళికి గురియైన బాలిక. ఆమె పరుగును గుర్తించినది బడిలోని వ్యాయామోపాధ్యాయుడే. 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున ఆమె కాంస్య పతకము గైకొనెను. మన కృష్ణకు ఆవలి ఒడ్డుననున్న పల్నాటినుండి వచ్చి, నరసారావుపేటలోని లూథరన్ అంధుల పాఠశాలలో చదివిన అజయ్‌కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్టు జట్టునకు నాయకుడై ప్రపంచ కప్పులను తెచ్చెను.

ఆ అంధుల క్రికెట్టు ఎట్లు సాగునో బాలురు గమనింతురు గాక. బంతిలో ఉక్కు గుండ్లు గలగలలాడును. దానిని నేలబారుగ విసరుదురు. పదునొకండుగురిలో నలుగురైనను పూర్తిగ చూపులేనివారుండవలెను. వారు తీసిన పరుగు రెండుగ లెక్కింపబడును. ఇచ్చట మార్చినది ఆటను గాని ఆటగానిని కాదు. పోటీలోని పట్టుదల ఒక్క వీసమైనను తగ్గలేదు. గుట్‌మన్ జీవితములోని సారమిదియే.

విజయవాడలోను, కాలువగట్ల వెంబడి డెల్టా గ్రామములలోను, డ్రిల్లు గంట కొట్టగనే కుంటి బాలునికి తోటివారి చొక్కాలను కావలికాయు పని యప్పగించుట పలు పాఠశాలలందు ఆచారముగ నున్నది. అది దయవలె కనబడును గాని, తెరమరుగున నుంచిన ఆ గనికూలి మంచము వంటిదే. 2016 సంవత్సరపు చట్టము వికలాంగులకు చదువుతోపాటు ఆటలలోను సమానావకాశము నీయవలెనని విద్యాలయములను ఆదేశించుచున్నది. ఇందులకు గొప్ప ధనమక్కరలేదు. మువ్వలు గల బంతి యొకటి, చూపులేని పిల్లవాడు తోడివానితో కలిసి పట్టుకొని పరుగెత్తుటకు మూరెడు తాడు, చక్రాల కుర్చీ దొరలుటకు గట్టిచేసిన కొంచెము నేల, కూర్చుండి గుండు విసరుటకు ఒక బల్ల చాలును. తలిదండ్రులు అట్టి బిడ్డలను డ్రిల్లు దినమున ఇంటియొద్ద నిలుపక పంపవలెను. ఉపాధ్యాయులు వారి పేర్లనుకూడ జట్టులో పిలువవలెను. బాలురు వారిని గెలిపింపవలెనని గాక, గెలువవలెనని వారితో ఆడవలెను.