ఊరి పేర్లు అడిగి రాయించిన మెకంజీ దొర

నా రెండు సర్టిఫికెట్లలో మా తండా పేరు రెండు రకాలుగా ఉంది. ఒకదాంట్లో ఒత్తు ఉంది, ఇంకోదాంట్లో లేదు. దాంతో స్కాలర్‌షిప్ కాగితం వెనక్కి వచ్చింది. మా నాయన ఎమ్మిగనూరుకు ఒకసారి, ఆదోనికి ఒకసారి తిరిగినాడు. రెండు రోజుల కూలి పోయింది. ఊరి పేరు ఎట్లా వచ్చిందని అడిగి రాసుకున్నోళ్ళు అసలు ఉన్నారా అని లైబ్రరీలో వెతికితే మెకంజీ దొర కథ దొరికింది.

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లాండులోని లూయిస్ అనే దీవిలో పుట్టినాడు. 1783లో కంపెనీ సైన్యంలో చేరడానికి మద్రాసు వచ్చి ఇంజనీరుగా పని చేసినాడు. 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో ఉన్నాడు. టిప్పు సుల్తాను చనిపోయినాక మైసూరు రాజ్యం సర్వే ఆయనకు అప్పగించినారు. 1800లో నిజాం మన ఆదోనిని, బళ్ళారి, కడప సీమలను కంపెనీకి ఇచ్చేసినాడు. తర్వాత ఈ సీమల్లో కూడా మెకంజీ మనుషులు తిరిగినారు.

సర్వే అంటే భూమి కొలిచి పటం గీయడం. ఈయన అంతటితో ఆగలేదు, ఊరూరి చరిత్ర కూడా కావాలన్నాడు. అయితే ఆయనకు మన భాషలు రావు. ఆ పని చేసింది మనవాళ్ళే. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య పాత శాసనాలు చదివిపెట్టినాడు. ఆయన 1803లో చిన్న వయసులోనే చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత తీసుకున్నాడు. వీళ్ళ మనుషులు ఊర్లకు పోయి కరణాలను, ముసలోళ్ళను అడిగేవాళ్ళు. ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చింది, అడవి కొట్టి ఊరు కట్టిందెవరు, గుడి ఎవరిది, చెరువు ఎవరిది అని రాసుకునేవాళ్ళు. అవే కైఫీయత్తులు.

మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినాడు. 1821 మే 8న కలకత్తా దగ్గర చనిపోయినాడు. ఆయన సేకరించినవాటిని కంపెనీ లక్ష రూపాయలకు ఆయన భార్య దగ్గర కొన్నది. తర్వాత బ్రౌన్ దొర చాలా తెలుగు కైఫీయత్తులను తిరగరాయించినాడు. అందుకే ఇప్పటికీ చదువుకోగలుగుతున్నాం.

ఇది చదివినాక మన ఊర్ల పేర్లు కొత్తగా కనిపించినాయి. ఆదోనిని పాత కాలంలో ఆదవాని అనేవాళ్ళు. 1953 దాకా ఈ సీమ బళ్ళారి జిల్లాలో ఉండేది, అందుకే కన్నడం కలిసింది. కన్నడంలో ఎమ్మె అంటే ఎనుము. ఎమ్మిగనూరు పేరు దాన్నుంచే వచ్చిందేమో అని నాకనిపించింది. కానీ మనకు అనిపించింది రాస్తే కైఫీయత్తు కాదు. తెలిసినోళ్ళను అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయాలి.

ఇంకో మాట. కైఫీయత్తుల్లో చాలా వరకు కరణాలు చెప్పినవే. తండాకు కరణం యాడున్నాడు? ఆ కాలంలో మావాళ్ళు ఎద్దుల మీద సరుకులు వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. మా తండా వెనక గుట్టకు మా తాత ఒక పేరు చెప్తాడు. ఆ పేరు నేను ఏ పటంలోనూ చూడలేదు. తాత పోతే ఆ పేరు కూడా పోతుంది.

అందుకని తండా పిల్లలు, గూడెం పిల్లలు, అందరికీ నా మనవి. ఈ సెలవుల్లో మీ ఊరి పేరు, గుట్టల పేర్లు, వంకల పేర్లు పెద్దోళ్ళను అడగండి. వాళ్ళు పలికినట్టే, ఒత్తు పోకుండా రాయండి. ఎవరు చెప్పినారో కూడా రాయండి. వార్డెన్ సార్ ఒక లాంగ్ నోట్‌బుక్ ఇస్తామన్నారు. మొదటి పేజీలో మా గుట్ట పేరు నేను రాస్తా.

– తొమ్మిదో తరగతి విద్యార్థి