వంటింట్లో అడుగులు లెక్కపెట్టిన ఆవిడ

అంబర్‌పేటలో మేం కొనుక్కున్న ఫ్లాటు పని అంతా ఓ కొలిక్కి వచ్చి, వంటింటి గట్టు దగ్గర ఆగిపోయింది. ఆపింది నేనే. తార్నాకలో పదకొండేళ్లుగా అద్దెకుంటున్న ఇంట్లో గట్టు ఎత్తు 34 అంగుళాలు. దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద గిన్నె. నేను చూస్తే నాలుగడుగుల పదకొండంగుళాలు! పప్పు ఎనపాలంటే మునివేళ్ల మీద లేవాలి. పది చపాతీలు ఒత్తేసరికి భుజాలు పట్టేస్తాయి. అద్దె ఇల్లు కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. సొంతింట్లో కూడా అదే బాధంటే మనసొప్పలేదు.

మాడ్యులర్ కిచెన్ల షాపుకి వెళితే అక్కడి కుర్రాడు రంగురంగుల బొమ్మల పుస్తకం ముందు పెట్టాడు. ఎల్ ఆకారం, యు ఆకారం, ఎదురెదురు గట్లు, గది మధ్యలో ఒంటరిగా నిలబడే గట్టు. తలుపులకి ఎరుపా, తేనెరంగా? మెరిసేదా, మెరవనిదా? అత్తయ్యగారు పొయ్యి ఆగ్నేయం మూలే ఉండాలన్నారు. మావారు మొత్తం ఎంతవుతుందన్నారు. నేను గట్టు ఎత్తు సంగతి ఎత్తితే ఆ అబ్బాయి, అందరికీ ఒకటే సైజు వస్తుందండీ అని తేల్చేశాడు. అక్కడ వండబోయేదెవరు, ఆవిడ ఎంత పొడుగు అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ చికాకులో ఉండగానే ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ‘చీపర్ బై ద డజన్’ కనిపించింది. పన్నెండుమంది పిల్లలున్న ఇంటి కథ, నవ్వుకోవచ్చు కదా అని కొన్నాను. ఆ పిల్లల్లో ఇద్దరు పెద్దయ్యాక 1948లో రాసిన పుస్తకం అది. అందులో సందడంతా తండ్రిదే. నా కళ్లు మాత్రం ఆయన వెనక నెమ్మదిగా మసిలే ఆ తల్లి మీద ఆగిపోయాయి. పేరు లిలియన్ గిల్‌బ్రెత్. మావారి ఉద్యోగం క్యాంపస్‌లోనే కాబట్టి, ఆ తర్వాత నాలుగైదు మధ్యాహ్నాలు తార్నాక గేటు నుంచి నడుచుకుంటూ యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి, ఆవిడ గురించి దొరికినంతా చదివాను.

లిలియన్ 1878 మే 24న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఓక్లాండ్‌లో పుట్టింది. కలిగిన కుటుంబం. ఇంటికి పెద్దపిల్ల. తల్లికి తరచూ ఒంట్లో బాగుండేది కాదు కనుక తమ్ముళ్లూ చెల్లెళ్ల బాధ్యత ఈ అమ్మాయి మీద పడింది. పైగా మహా బిడియస్తురాలు. ఆడపిల్లకి కాలేజీ చదువెందుకన్నాడు తండ్రి. ఉద్యోగం చేసి బతకాల్సిన వాళ్లకి గానీ మనకెందుకని ఆయన వాదన. (ఈ మాట మన ఇళ్లలో మాత్రం వినలేదూ?) చివరికి ఇంట్లోనే ఉంటూ, ఇంటి పనులు చూసుకుంటూ, బర్కిలీ వెళ్లి చదువుకుని వచ్చేట్టు ఒప్పందం కుదిరింది. 1900లో ఇంగ్లీషు సాహిత్యంలో డిగ్రీ తీసుకుని, ఆ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో విద్యార్థుల తరఫున మాట్లాడిన మొదటి అమ్మాయి అనిపించుకుంది. 1902లో ఎం.ఏ. కూడా అయింది.

1904లో పెళ్లి. పెళ్లికొడుకు ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఆవిడకన్నా పదేళ్లు పెద్ద. కాలేజీ గడప తొక్కలేదు. ఇటుకలు పేర్చే తాపీపనిలో చేరి, పైకొచ్చి పెద్ద కంట్రాక్టరయ్యాడు. పని నేర్చుకునే రోజుల్లోనే ఆయన ఒకటి గమనించాడట. ఏ ఇద్దరు మేస్త్రీలూ ఒకేలా ఇటుక పెట్టరు, పైగా ప్రతి ఇటుకకీ నేల దాకా వంగి లేస్తారు. ఇటుకలు నడుమెత్తులో అందేలా, గోడతోపాటు పైకి జరిగే పరంజా తయారుచేశాడు. ఒక్కో ఇటుకకి పద్దెనిమిది కదలికలు పట్టేది అయిదుకి దిగింది. అది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. గోడ కట్టే మనిషి నడుం గురించి ఆలోచించిన వాళ్లున్నారు, మరి గట్టు ముందు నిలబడే మనిషి?

అక్కడికే వస్తున్నాను. భార్యాభర్తలిద్దరూ కలిసి ఫ్యాక్టరీల్లో పని తీరు పరిశీలించడం మొదలుపెట్టారు. సినిమా కెమెరాతో కార్మికుల చేతుల కదలికలు ఫిల్ము తీసి, ఏది అనవసరమో చూసేవారు. ఫ్రాంక్ చూపు వేగం మీద. లిలియన్ చూపు అలసట మీద, ఆ మనిషి మనసు మీద. ఆవిడ మనస్తత్వశాస్త్రం వైపు తిరిగింది అందుకే. పరిశోధన రాసిచ్చినా, యూనివర్సిటీలో ఉండాల్సిన గడువు నిండలేదని కాలిఫోర్నియా వాళ్లు డాక్టరేట్ ఇవ్వలేదు. 1914లో అది పుస్తకంగా వచ్చినప్పుడు, రాసింది ఆడమనిషని తెలియకుండా పేరుకి బదులు పొడి అక్షరాలే వేశారు. పట్టు విడవకుండా వేరే అంశం మీద మళ్లీ పరిశోధన చేసి, 1915లో బ్రౌన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకుంది. అప్పటికి ఏడుగురిని కన్నది. అందులో మేరీ అనే పాప 1912లో డిఫ్తీరియాతో పోయింది.

ఆ తర్వాత ఇంకా అయిదుగురు. ఇంట్లో ఎవరి పని వారు చేసి చార్టులో సంతకం పెట్టాలి. పిల్లలు స్నానాల గదిలో ఉన్నంతసేపూ గ్రామఫోన్‌లో ఫ్రెంచి, జర్మన్ పాఠాలు తిరుగుతుండేవి. తమాషాగానే ఉంటుంది గానీ, నేనైతే ఆ ఇంట్లో ఒక్కరోజు ఉండలేను తల్లీ అనుకున్నాను.

1924 జూన్ 14న ఫ్రాంక్ రైల్వేస్టేషన్ నుంచి భార్యతో ఫోన్లో మాట్లాడుతూ గుండె ఆగి కుప్పకూలిపోయాడు. ఆవిడకి నలభై ఆరేళ్లు. పదకొండుమంది పిల్లలు. పెద్దమ్మాయికి పద్దెనిమిది, చిన్నదానికి రెండు. లండన్‌లోనూ ప్రాగ్‌లోనూ జరిగే సదస్సులకి ఆయన వెళ్లాల్సి ఉంది. అయిదో రోజున ఆయన బదులు ఆవిడ ఓడెక్కింది. చూసేవాళ్లు ఏమన్నారో గానీ, పదకొండుమందికి అన్నం పెట్టాల్సిన మనిషికి ఏడుస్తూ కూర్చునే తీరికెక్కడిది?

తిరిగొచ్చేసరికి సంగతి అర్థమైంది. పాత ఫ్యాక్టరీల వాళ్లు ఒక్కొక్కరే కంట్రాక్టులు వదిలేసుకున్నారు. ఇరవై ఏళ్లు ఆ పని ఇద్దరూ కలిసి చేశారని తెలిసీ, ఆడమనిషికి ఒంటరిగా అప్పగించడానికి వాళ్లకి చెయ్యి రాలేదు. అప్పుడు ఆవిడ ఒక లెక్క వేసుకుంది. ఫ్యాక్టరీలోకి రానివ్వనివాళ్లు కూడా వంటింట్లోకి రావద్దనలేరు కదా! ఆవిడకి వంటింటి మీద మోజు ఉండి వెళ్లిందేమీ కాదు. మిగతా తలుపులు మూస్తే తెరిచి ఉన్న తలుపు అదొక్కటే.

ఇంకా విచిత్రమేమంటే ఆవిడకి వంట సరిగ్గా రాదు! ఇంట్లో వంట వ్యవహారం టామ్ గ్రీవ్స్ అనే పనాయన చూసుకునేవాడు. సొంత వంటిల్లేమో పాతకాలపుది, ఆయన ఇష్టారాజ్యం. వంట చెయ్యని ఆవిడ మనకి వంటిల్లు నేర్పడమేమిటని మొదట నాకూ కోపమొచ్చింది. తర్వాత తోచింది. తనకి తెలియదని తెలుసు కాబట్టే ఆవిడ అడిగింది. 1926లో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ కోసం, నెలసరి ప్యాడ్లు ఎలా ఉంటే బాగుంటుందని వెయ్యిమందికి పైగా స్త్రీలని అడిగి తెలుసుకుంది. ఆ రోజుల్లో నోరెత్తి ఎవరూ మాట్లాడని విషయమది. వంటింటి దగ్గరా అదే పద్ధతి. అడగడం, చూడడం, కొలవడం.

1927లో గృహిణి పని గురించి పుస్తకం రాసింది. 1929లో బ్రూక్లిన్‌లోని ఒక గ్యాస్ కంపెనీ కోసం నమూనా వంటిల్లు తయారుచేసింది. ఆ కంపెనీకి అధ్యక్షురాలు మేరీ డిల్లన్ అనే ఆవిడ. స్టవ్వు పక్కనే పని చేసుకునే గట్టు, గట్టు పైన సరుకులు, కింద గిన్నెలు, ఒక్క అడుగు దూరంలో ఫ్రిజ్, చక్రాల మీద జరిగే చిన్న బల్ల. చూడ్డానికి ఇంతే. కానీ ఒకటే రకం స్ట్రాబెర్రీ కేకుని పాత వంటింట్లోనూ కొత్త అమరికలోనూ చేయించి అడుగులు లెక్కపెడితే, 281 అడుగులు పట్టేది 45కి దిగింది. కాలితో నొక్కితే మూత లేచే చెత్తబుట్టకీ, ఫ్రిజ్ తలుపులోని అరలకీ కూడా ఆవిడ పేరే చెబుతారు. షాపుల్లో ఇప్పుడు స్టవ్వు, సింకు, ఫ్రిజ్ త్రికోణం అని చెబుతారే, అది 1940ల్లో ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్లు సూత్రంగా పెట్టింది గానీ, దాని మొదలు ఈ అడుగుల లెక్కల్లోనే ఉంది.

ఎత్తు విషయంలో ఆవిడ మాట ఇంకా స్పష్టం. గట్టు ఆ ఇల్లాలి ఎత్తుకి తగ్గట్టుండాలి, మనిషిని గట్టుకి తగ్గట్టు వంచకూడదని ఆవిడ పద్ధతి. తీరా కంపెనీలు పెట్టెలు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక, అమెరికాలో అన్ని గట్లూ 36 అంగుళాల దగ్గర స్థిరపడిపోయాయి. పొట్టిదానికీ పొడుగుదానికీ అదే. ఆవిడ చెప్పిన అమరిక ఉంచుకున్నారు, ఆ కొలత ఒక్కటీ వదిలేశారు. ఆ షాపులో కుర్రాడి జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

మనవాళ్లూ ఈ పని చెయ్యలేదని కాదు. మన హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజుగారు పొగ రాని పొయ్యి తయారుచేసి, 1953లో కోట్లాదిమందికి పొగలేని వంటిళ్లు అంటూ ఇంగ్లీషులో పుస్తకమే వేశారు. మట్టి పొయ్యి, ఒకే మంట మీద వరసగా గిన్నెలు, పొగ బయటికి పోవడానికి గొట్టం. పొగ, మసి, వేడి, కట్టెల వృథా, నిప్పు భయం, ఈ అయిదింటి నుంచీ ఆడవాళ్లకి విడుదల కావాలన్నది ఆయన తపన. అత్తయ్యగారికి ఈ సంగతి చెబితే, పిడకలు ఊది ఊది తన అమ్మగారి కళ్లు ఎలా పోయాయో చెప్పుకొచ్చారు. ఆ పొయ్యి వాళ్ల ఊరిదాకా రానే లేదట.

లిలియన్ కథ అక్కడితో ఆగలేదు. 1935లో పర్డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసరయింది. 1940ల చివర్లో గుండెజబ్బు ఉన్న స్త్రీల కోసం, కూర్చునే పని చేసుకునేలా ఒక వంటిల్లు రూపొందించడంలో పాలుపంచుకుంది. 1965లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీకి ఎన్నికైన మొదటి స్త్రీ అయింది. పదకొండుమందినీ కాలేజీ చదువులు చదివించింది. 1972 జనవరి 2న తొంభై మూడేళ్ల వయసులో కన్నుమూసింది.

నాకు బాగా పట్టుకున్నది ఆ కూర్చునే వంటిల్లు. అత్తయ్యగారికి మోకాళ్లు అరిగిపోయాయి. వెనకటికి కత్తిపీట ముందేసుకుని కూర్చుని కూరలు తరిగిన మనిషి. వంట గట్టెక్కాక ఆవిడకి వంటింట్లో కూర్చునే చోటే లేకుండా పోయింది. సాయం చేద్దామని వచ్చి, పది నిమిషాలు గోడ పట్టుకుని నిలబడి, హాల్లోకి వెళ్లిపోతారు. మోకాళ్లనొప్పులే కారణమనుకున్నాను ఇన్నాళ్లూ.

ఓ సాయంత్రం తార్నాక ఇంట్లో నేను ఉప్మా చేస్తుంటే మా అమ్మాయి పెన్సిలు పట్టుకుని అడుగులు లెక్కపెట్టింది. ఫ్రిజ్ హాల్లో, సింకు ఎదురు మూల, రవ్వ డబ్బా తలుపు వెనక అరలో. మొత్తం 118. ఆ కాయితం చూశాక మావారు ఖర్చు మాట మళ్లీ ఎత్తలేదు. షాపు వద్దనుకుని మేస్త్రీతోనే కట్టించుకుందామన్నారు. తొమ్మిదడుగులూ ఏడడుగుల గదికి ఎల్ ఆకారమే సరిపోతుందని తేలింది. పొయ్యి ఆగ్నేయం మూలే, దాంతో నాకు పేచీ లేదు. ఫ్రిజ్ లోపలికి వస్తుంది. పోపులపెట్టె, పప్పుల డబ్బాలు స్టవ్వుకి చెయ్యి చాపితే అందే అరలో.

మొన్న మేస్త్రీ నన్ను ఉత్త గోడ ముందు నిలబడమని, మోచెయ్యి మడవమన్నాడు. అప్పడాల కర్ర పట్టుకెళ్లాను, ఎవరైనా చూస్తే నవ్విపోదురు. అయిదారుసార్లు గాల్లో చపాతీ ఒత్తాక, స్టవ్వు దగ్గర 29 అంగుళాలకీ, సింకు దగ్గర 32 అంగుళాలకీ గీత గీశాడు. రెండు ఎత్తులేమిటమ్మా, బండ అతుకు కనిపిస్తుంది అన్నాడు. కనిపించనీ అన్నాను.

అప్పుడు అత్తయ్యగారి కోసం ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాను. ఎందుకే నాకు అంటూనే వచ్చి కూర్చున్నారు. కిటికీ పక్కన గట్టు కింద నుంచి సొరుగులా బయటికి లాగే బల్ల ఒకటి వస్తుందని చెప్పి, కూరలు తరిగేటప్పుడు చేతులు ఎలా పెడతారో పెట్టమన్నాను. ఆవిడ ఓ క్షణం నా మొహం చూసి, చీరకొంగు నడుములో దోపుకుని, లేని వంకాయని పట్టుకుని తరగడం మొదలుపెట్టారు. మేస్త్రీ వంగి, ఆవిడ మోచెయ్యి కింద గోడ మీద ఇంకో గీత గీశాడు.